పోగు తెగిన మాట

సిరిసిల్ల,
ఆదివారం.

చిరంజీవి మనోహర్‌కు,

అక్క ఆశీస్సులు. అలవాటు కొద్దీ ఆ మాట రాశాను, ఈసారి అవి నీకు చేరతాయన్న నమ్మకం నాకే లేదు. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కదా, ఎవరెవరు క్షేమమో రాస్తాను. అమ్మకు షుగర్ అదుపులోనే ఉంది, మోకాలి నొప్పి మాత్రం తగ్గలేదు. మీ బావ రోజూ బడికి వెళ్లి వస్తున్నారు. పాపకు జలుబు చేసి తగ్గింది. నేను బాగాలేను. నువ్వు బాగుండాలని ఈ మధ్య కోరుకోనూ లేదు.

కాగితం మీద ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. నీకొచ్చే మెయిళ్లన్నీ మొదట నీ ఏఐ ఏజెంటు చదివి, నాలుగు ముక్కలుగా కుదించి నీకు చెబుతుందని పోయినసారి ఇంటికొచ్చినప్పుడు గొప్పగా చూపించావు. నా కోపాన్ని అది చదివి "అక్క కొంచెం బాధపడుతున్నారు" అని నీకు చెప్పడం నాకిష్టం లేదు. ఈ ఉత్తరం రిజిస్టర్ పోస్టులో వస్తుంది. సంతకం పెట్టి తీసుకో. నీ కళ్లతో నువ్వే చదువు.

నీ మెయిల్‌లో అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. నీ గొంతు వింటే నేను మెత్తబడతాను, అందుకే. "అక్కా" అని నువ్వు సాగదీసి పిలిస్తే చిన్నప్పటి నుంచీ నీ తప్పులన్నీ నా నెత్తిన వేసుకున్నాను. ఈ ఒక్కటి వేసుకోలేను.

డాక్యుమెంటేషన్‌లో చివరి అధ్యాయం ఎప్పుడు పంపుతావని అడిగావు. పంపను. ఎందుకు పంపనో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. తెలిసిన సంగతులే కదా అని పేజీ తిప్పేయకు. ఏ మాటలు చెప్పి నాతో ఈ పని చేయించుకున్నావో ఒకసారి విను.

నిరుడు ఎండాకాలం మన ముందుగదిలో కూలర్ ఎదురుగా లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు. "అక్కా, ఫేస్‌బుక్‌ల, ఇన్‌స్టాల మనుషులు పోస్టులు పెట్టుడు ఇంక బందైతది. ఏఐ ఏజెంట్లే పెడ్తయి. గా ఏజెంట్లకు అకౌంట్లు ఇచ్చి, ఎప్పుడు ఏం పెట్టాలె, ఎవ్వలకు ఎట్ల జవాబియ్యాలె అనేది చూసుకునే టూల్ నేను చేస్తున్న. పేరు ముచ్చట. దాన్ని ఎట్ల వాడాల్నో మొత్తం నువ్వు రాయాలె" అన్నావు.

"ఎవ్వలు చదువుతరురా గది?" అని అడిగాను.

"మనుషులు కాదక్కా. ఏజెంట్లే చదువుకుంటయి. నువ్వు ఎట్ల రాస్తె అట్లనే చేస్తయి."

జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పినన్నాళ్లూ నా మాట వినే పిల్లలు దొరకలేదు. రాసింది రాసినట్టు చేసే చదువరి దొరికిందని మురిసిపోయాను. ఖాతాలను ఎలా కలపాలో రాశాను. ఒక్కో ఖాతాకు పేరు, వయసు, ఊరు, వృత్తి ఎలా ఇవ్వాలో రాశాను. మనిషి రాసినట్టు ఉండాలంటే కాసేపు ఆగి, మధ్యలో ఒకటి రెండు అక్షరాలు తప్పు కొట్టి, తర్వాత జవాబివ్వాలని రాశాను. ఇవన్నీ చీరల దుకాణాలకూ, వేములవాడ లాడ్జీలకూ అన్నావు. "గిరాకీలు ఏమన్న అడిగితె మన మాటల జవాబియ్యాలెనక్కా, పుస్తకాల తెలుగుల ఇస్తె ఎవ్వలు నమ్ముతరు?" అన్నావు. అందుకని యాస మీద ఒక అధ్యాయమే రాశాను. జగిత్యాల వాళ్లు ఎలా మాట్లాడతారు, కోరుట్ల మార్కెట్లో ఎలా మాట్లాడతారు, సిరిసిల్లలో మరమగ్గాల సాంచెల దగ్గర ఎలా మాట్లాడతారు అని. "తిట్టేటియి గూడ రెండు మూడు రాయి, టెస్టింగుకు" అన్నావు. ఎవరిని తిట్టడానికి అని నేను అడగలేదు. అడగాల్సింది.

ఆ తిట్లు రాసేటప్పుడు సాంచె నడిపిన మన బాపు గుర్తొచ్చాడు. సాంచె మీద పోగు తెగితే బట్టలో సందు పడుతుంది, ఎంత అతికినా కనబడుతూనే ఉంటుంది. ఎవరైనా చెప్పేదాంట్లో ముందుకూ వెనక్కూ పొంతన లేకపోతే బాపు "గవన్ని పోగు తెగిన మాటలు" అనేవాడు. సిరిసిల్లలో ఇంకెవరి నోటా ఆ మాట నేను వినలేదు. మన ఇంట్లో పుట్టిన మాట. ముద్దుగా ఉందనిపించి, దుకాణం సేటును తిట్టే ఉదాహరణలో పెట్టాను. "గా సేటును నమ్మకున్రి, అన్నీ పోగు తెగిన మాటలే." నువ్వు చదివి నవ్వావు. బాపు ఉంటే మురిసేవాడక్కా అన్నావు.

ఇక స్వప్న సంగతి. స్వప్న ఎవరో నీకు చెప్పక్కరలేదు గాని, మరిచిపోయినట్టున్నావు కాబట్టి చెబుతాను. బీర్పూర్ సామేలు కూతురు. సిరిసిల్లలో నర్సుగా ఉన్నప్పుడు, బాపు ఊపిరితిత్తులు పాడై మంచాన పడితే రోజూ డ్యూటీ దిగి మన ఇంటికి వచ్చింది. సూది వేసింది, ఆక్సిజన్ పెట్టింది, బాపు వీపు మీది పుండ్లు కడిగి కట్టు కట్టింది. నువ్వు బెంగళూరులో ఉంటే రోజూ వీడియో కాల్‌లో బాపు మొహం నీకు చూపించింది ఆ పిల్లే. ఫోన్ పట్టుకునే ఓపిక అమ్మకు గాని నాకు గాని లేని రోజులవి. నువ్వు ఆమెను "చెల్లే" అని పిలిచేవాడివి. బాపు పోయిన తర్వాత ఆమె కోరుట్లలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో చేరింది. తల్లి పోచమ్మను తెచ్చుకుని అక్కడే ఒక గది అద్దెకు తీసుకుంది. పోచమ్మ మార్కెట్లో కూరగాయలు అమ్ముకునేది.

ఆ నర్సింగ్‌హోంలో కథలాపూర్ వైపు నుంచి వచ్చిన మైసయ్య అనే పెద్దమనిషికి తప్పు సూది వేశారు. ఆయన చనిపోయాడు. వేసింది నర్సు కాదు, ఏ శిక్షణా లేని పనిమనిషి. స్వప్న వేసినట్టు సంతకం పెట్టమని యాజమాన్యం ఆమెను కూర్చోబెట్టి అడిగింది. ఆమె పెట్టలేదు. బయటికి వచ్చి, నర్సింగ్‌హోం గేటు ముందే నిలబడి వీడియో తీసి పెట్టింది. "నేను ఇయ్యలే. ఇచ్చిన మనిషికి సూది పట్టుడే రాదు. సంతకం నన్ను పెట్టమన్నరు. నేను పెట్ట." ఇంతే ఆ వీడియో. జిల్లా అంతా చూసింది. మొదట అందరూ మెచ్చుకున్నారు. రెండో రోజు నుంచి తిట్లు మొదలయ్యాయి.

నేను అప్పటికి ఆ తిట్లు చూడలేదు. మీ బావ వాళ్ల చిన్నమ్మను చూడటానికి కోరుట్ల వెళ్లి, తిరిగి వస్తూ పోచమ్మ దగ్గర ఆగాను. మార్కెట్ నిండా జనం. ఆమె ముందు మాత్రం ఎవరూ లేరు. టమాటాల గుట్ట పొద్దున పోసింది పోసినట్టే ఉంది. నన్ను చూసి పక్కన గోనెసంచి పరిచింది. కొంగులోంచి ఫోన్ తీసింది.

"బిడ్డా, నాకు సదువు రాదు. స్వప్న సూపియ్యదు. గా వీడియో కింద ఏమేమి రాసిన్రో జర సదివి చెప్పు. నా దగ్గర ఎవ్వలు కూరగాయలు కొంటలేరు. ఎందుకు కొంటలేరో నాకు తెల్వాలె గదా."

చదివాను. కోరుట్ల ఆటో డ్రైవర్ అట, "గీ నర్సు మందులు ఎత్కపోంగ నా కండ్లార చూసిన" అని రాశాడు. మస్కట్‌లో పనిచేసే అబ్బాయి అట, "మా అమ్మకు గూడ గీమెనే సూది ఇచ్చింది, గప్పటి సంది మా అమ్మ లేస్తలేదు" అని రాశాడు. మెట్‌పల్లిలో బీడీలు చేసే ఆమె అట, ఆ పిల్ల నడవడి గురించి రాసింది. అది నేను పోచమ్మకు చదివి వినిపించలేదు, నీకూ రాయను. ఒక్కటి పూర్తిచేస్తే ఇంకొకటి. అందరూ మన వాళ్లలాగే మాట్లాడుతున్నారు. ఇంతమందికి స్వప్న మీద ఇంత పగ ఎందుకని చదువుతూ పోతుంటే, ఆటో డ్రైవర్ మళ్లీ వచ్చాడు. "గీమె మాటలు నమ్మకున్రి, అన్నీ పోగు తెగిన మాటలే."

దాని కింద మస్కట్ అబ్బాయి. "ఔ అన్నా, పోగు తెగిన మాటలే."

దాని కింద బీర్పూర్ రైతు. అదే మాట.

చదవడం ఆపేశాను.

"ఏమైంది బిడ్డా? ఆగినవేంది? గంత గలీజుగున్నదా?"

"సిగ్నల్ పోయిందవ్వా" అని అబద్ధం చెప్పాను.

ఆమె ఫోన్ వెనక్కి తీసుకోలేదు. "అయితె గాళ్ళ ఇండ్లు ఏడనో సూడు. గా ఆటో ఆయన ఈడోడే అంటివి గదా. పోయి అడుగుత. కాళ్ళన్న మొక్కుత. నా బిడ్డ మీకేం జేసింది నాయినా, గిట్ల రాస్తున్రు అని అడుగుత."

ఏ ఇంటికి పంపను మనోహర్? ఆ ఇళ్లు లేవు. ఆ ఆటో లేదు, మస్కట్‌లో ఆ పిల్లవాడు లేడు, మంచం మీద లేవలేని ఆ తల్లి లేదు. ఆమె ఎవరి కాళ్లు మొక్కాలి? వాళ్లకు ఊరూ పేరూ పెట్టే పద్ధతి రాసింది నేను. వాళ్లను పుట్టించింది నువ్వు.

కోరుట్ల బస్టాండ్ నుంచి నీకు ఫోన్ చేశాను. ఆ రోజు ఏం మాట్లాడుకున్నామో నీకు గుర్తుండకపోవచ్చు, నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మనోహర్, స్వప్న మీద కామెంట్లు పెట్టేది ముచ్చటనేనా?" అన్నాను.

"అక్కా, ఎవ్వలు దేనికి వాడుకుంటున్నరో నాకెట్ల ఎర్కైతది?"

"మన బాపు మాట ఉన్నదిరా గా కామెంట్లల."

"అక్కా, ఆమె గా వీడియో తీసేస్తె అయిపోతది గదా. హాస్పిటలోళ్ళు గంతే అడిగిన్రు."

గంతే అడిగిన్రు. నిన్నే అడిగారన్నమాట. అడిగితే నువ్వు కూర్చుని విన్నావన్నమాట. ఎవరి గురించి అడుగుతున్నారో పేరు విన్నావు, వీడియో చూశావు, మొహం గుర్తుపట్టావు. బాపు మొహాన్ని నీకు చూపించిన పిల్ల ఆమె.

"ఇప్పుడే ఆపు" అన్నాను.

"నా చేతుల లేదక్కా. అకౌంట్లు కస్టమర్‌యి. గాళ్ళే ఆపాలె" అన్నావు.

ఖాతాలు ఆపే అధ్యాయం రాసిన నాకే ఆ అబద్ధం చెప్పావు! నీ కంపెనీ తన వైపు నుంచి ఒక్క ఆదేశం ఇస్తే ఏ కస్టమర్ ఖాతాలైనా అన్నీ ఒకేసారి ఆగిపోతాయని, ఆ ఆదేశం ఎలా ఇవ్వాలో కూడా నేనే రాశాను. నువ్వు చదివి బాగుందన్నావు. ఆపలేక ఆపకపోతే నిన్ను చేతగానివాడు అనుకుని ఊరుకునేదాన్ని. నీకు ఆపాలని లేదు.

అమ్మకు ఎందుకు చెప్పావని మెయిల్‌లో నిలదీశావు. నేను చెప్పలేదు, అమ్మే అడిగింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. "అమ్మా, బాపు గాకుండ పోగు తెగిన మాట అని ఇంకెవ్వలన్న అంటరా?" అని అడిగాను. "మీ బాపే అనేటోడు. ఎందుకడుగుతున్నవ్?" అంది. ఆ కామెంట్లు తెరిచి ఉన్న ఫోన్‌ను పళ్లెం వెనక్కి జరిపాను. ఆమె నా ఫోన్ తీసుకుంది. చదువు రాని పోచమ్మ దగ్గర అబద్ధం చెప్పగలిగాను గాని, అక్షరాలు వచ్చిన అమ్మ దగ్గర ఏం చెప్పను? ఒక్కొక్కటి చదువుతూ పోయింది. చివరికి "గిది మన మనోహర్ చేసిన మిషినేనా?" అంది. ఔనన్నాను. లేచి వెళ్లి బాపు ఫొటో ముందు దీపం కొండెక్కితే మళ్లీ వెలిగించి వచ్చి పడుకుంది. ఆ రాత్రి నుంచి నీ పేరు ఎత్తలేదు.

బీర్పూర్ వెళ్లొద్దని రాశావు. నీ మెయిల్ వచ్చేసరికే వెళ్లి వచ్చాను. అప్పటికి గది యజమాని ఖాళీ చేయమంటే తల్లీకూతుళ్లు కోరుట్ల వదిలి సొంతూరు చేరుకున్నారు. సామేలు నాకు కుర్చీ వేసి బయటికి వెళ్లిపోయాడు. పోచమ్మ పొయ్యి దగ్గర ఉంది. స్వప్న నా ఎదురుగా నిలబడే ఉంది, కూర్చోలేదు. బాగా చిక్కిపోయింది.

"గిదంత ఎవ్వలు చేసిన్రో నాకు తెలుసు స్వప్నా" అన్నాను.

"హాస్పిటలోళ్ళే. గది నాకు గూడ తెలుసు."

"చేపిచ్చింది గాళ్ళు. చేసిన మిషిన్ మనోహర్‌ది. దానికి మన మాటలు నేర్పింది నేను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు కాకుండా గోడ వైపు చూసింది. "మనోహరన్నదా?" అంది. "అన్న తెల్సే చేసిండా, నేనని తెల్వక చేసిండా?"

తెలియక చేశాడని చెప్పాలని నోటి దాకా వచ్చింది. నీ కోసం కాదు, ఆమె కోసం. కానీ ఆమెకు అప్పటికే ఎంతో అబద్ధం చేరింది. "తెల్సే" అన్నాను.

"బాపు పుండ్లు కడిగిన నేను. గీ చేతులతోని. ఒక్కనాడన్న మొకం తిప్పుకున్ననా అక్కా?"

"తిప్పుకోలే."

"మరి గిప్పుడు నువ్వచ్చి నా ముంగట కన్నీళ్ళు పెట్టుకుంటె, నేనే నిన్ను ఓదార్చాల్నా?"

కళ్లు తుడుచుకున్నాను. ఆమె తలుపు దగ్గరికి నడిచింది. "నాకు చెప్పినవు గదా, గిదే మాట పోలీసుల కాడ చెప్పు. చెప్తె నువ్వు బాపు బిడ్డవే అనుకుంట. చెప్పకుంటె మళ్ళ మా గడప తొక్కకు."

మన ఇంట్లో అన్ని నెలలు తిరిగిన పిల్ల, ఆ రోజు నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. పోచమ్మ గ్లాసు తీసుకుని రాబోతే "వద్దమ్మా" అని ఆపింది. ఆ నీళ్లు తాగే ముఖం నాకు లేదు గనుక నేను కూడా అడగలేదు. ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు దుకాణం దగ్గర ఇద్దరు మగవాళ్లు ఆ ఇంటి వైపు చూసి ఏదో అనుకుని నవ్వారు. వాళ్లు ఖాతాలు కారు, నిజం మనుషులు. నీ యంత్రం ఆగినా వీళ్ల నవ్వు ఎవరు ఆపుతారు?

నీ మెయిల్‌లో ఇంకొక మాట ఉంది. "స్వప్నకు హైదరాబాద్‌లో పెద్ద హాస్పిటల్లో ఉద్యోగం చూస్తాను, ఇంక గొడవేమీ వద్దని నువ్వు నచ్చజెప్పు" అని. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పాను. నచ్చజెప్పలేదు, చెప్పానంతే. "హైదరాబాద్‌ల గూడ ఫోన్లుంటయి గదా అక్కా" అని పెట్టేసింది.

డాక్యుమెంటేషన్‌లోంచి నా పేరు తీసేసి నన్ను కాపాడతానని కూడా రాశావు. ఉత్తరం ఇక్కడిదాకా వచ్చాక నీకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఇంతసేపూ రాయకుండా వెనక్కి నెడుతూ వచ్చాను. ఇప్పుడు రాస్తున్నాను.

మంగళవారం నేను జగిత్యాల సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి వెళ్లాను. స్వప్న ఫిర్యాదు ఇచ్చింది, నేను సాక్ష్యం ఇచ్చాను. రాసిన అధ్యాయాలన్నీ ఇచ్చాను. నువ్వు ఫోన్‌లో అన్న మాటలు చెప్పాను. నీ పేరు, కంపెనీ పేరు, అడ్రసు చెప్పాను. ఒక్కదాన్నే వెళ్లలేదు. పొద్దున చెప్పులు వేసుకుంటుంటే అమ్మ వెనకాలే వచ్చి "నేను గూడ అస్త" అంది. మోకాలు నొప్పి, అన్ని బస్సులు మారలేవమ్మా అంటే వినలేదు.

ఎస్సై మేడం నేను రాసినవి తిరగేసి, "గివి మీరే రాసిన్రంటున్నరు. మీ మీద గూడ కేసైతది, ఎర్కేనా?" అని అడిగింది.

"ఎర్కే మేడం" అన్నాను.

"గీ మాటలు మీ దగ్గరి నుంచే పోయినయని ఏం నమ్మకం? గిట్ల మాట్లాడెటోళ్ళు జిల్లా నిండ ఉన్నరు."

నేను నోరు తెరిచేలోపే అమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "పోగు తెగిన మాట అనేటోడు మా ఇంటాయన, మేడం. సాంచెలు నడిపేటోడు. ఆటో నడిపెటాయనకు, మస్కట్ పోయినాయనకు, పొలం చేసేటాయనకు అందరికి ఒక్కపారే గా మాట ఏడికెళ్ళచ్చింది? మా ఇంట్లకెళ్ళే అచ్చింది."

ఎస్సై మేడం పెన్ను పక్కన పెట్టి అమ్మను చూసింది. "గీ మనోహర్ నీకు ఏమైతడమ్మా?"

"కొడుకు. నాకు ఒక్కడే కొడుకు."

"మంచిగ ఆలోచించుకొనే చెప్తున్నవా?"

"ఆలోచించకుంటె గీ కాళ్ళతోని గింత దూరం అస్తనా, మేడం?"

అమ్మ చెప్పింది వాళ్లు రాసుకున్నారు. చదివి వినిపించారు. అమ్మ కళ్లద్దాలు తెచ్చుకోవడం మరిచిపోయింది, నా కళ్లద్దాలు పెట్టుకుని మరోసారి తనే చదువుకుని సంతకం పెట్టింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కొండగట్టు దాటాక అంది. "వాడు చేత్తోని ఎవ్వలనన్న కొట్టచ్చినా, నా కొడుకు గసోంటోడు కాదని నేను కొట్లాడేదాన్ని. గని చచ్చిపోయిన మనిషి నోరు వాడుకున్నడు. మీ బాపు ఎవ్వలనన్న గట్ల అన్నడానే? బతికున్నన్ని రోజులు ఒక్కలనన్న గట్ల తిట్టిండా?" బస్సులో అందరూ చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది. బాపు పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు.

ఇంకేం జరిగిందో కూడా తెలుసుకో. పోలీసులు నర్సింగ్‌హోం వాళ్లను పిలిపించారు. మర్నాటి నుంచి ఆ ఖాతాలు ఒక్కటీ నోరెత్తలేదు. ఆటో డ్రైవర్ లేడు, మస్కట్ లేడు, మెట్‌పల్లి లేదు. అన్నీ ఒక్కసారే. నీ చేతుల్లో లేదన్నావు కదా.

మైసయ్య చావు మీద వైద్యశాఖ విచారణ మొదలైంది. ఏం తేలుస్తారో నాకు తెలియదు. స్వప్నకు ఇంకా పని దొరకలేదు. నన్ను క్షమించలేదు కూడా. పోలీస్ స్టేషన్ వరండాలో అమ్మ చేయి పట్టుకుంది గాని నా వైపు చూడలేదు. అయితే మొన్న పోచమ్మ ఫోన్ చేసి ఒక సంగతి చెప్పింది. మైసయ్య భార్య కొమురవ్వ వాళ్ల మనవణ్ని వెంటబెట్టుకుని, వెతుక్కుంటూ బీర్పూర్ వచ్చిందట. రోడ్డు మీద దుకాణం దగ్గర మగవాళ్లు కూర్చుని ఉంటే వాళ్ల ముందే నిలబడి గట్టిగా అడిగిందట. "నర్సు పిల్ల ఇల్లు ఏది? మా ఆయన ఎట్ల పోయిండో నిజం చెప్పింది గా పిల్లనే. ఒక్కపారి చూసి పోదామని అచ్చిన." ఎవరూ నవ్వలేదట. అందులో ఒకాయన లేచి ఇంటి దాకా తీసుకొచ్చి దింపి వెళ్లాడట. స్వప్న ఆమెను పట్టుకుని ఏడ్చిందట. ఇది చెబుతున్నప్పుడు పోచమ్మ గొంతు నాతో మామూలుగానే ఉంది. అది నాకు చాలా ఎక్కువ.

కంపెనీ మూతపడుతుందేమో, నీతో పనిచేసేవాళ్లు రోడ్డున పడతారేమో, నువ్వు అదంతా నా నెత్తిన వేస్తావని తెలుసు. వేసుకో. మీ బావ కూడా మొదట "తమ్ముడు గదా, ఇంట్ల కూర్చోబెట్టి మాట్లాడితె అయిపోతుండె" అన్నారు. ఆయనను పోచమ్మ కూరగాయల దగ్గర కూర్చోబెట్టి ఉంటే అలా అనేవారు కాదు. ఇప్పుడు అనడం లేదు.

నీకు నోటీసు వస్తుంది. ఈ ఉత్తరం కంటే ముందే వచ్చినా రావచ్చు. మంచి వకీలును పెట్టుకో, వద్దనను. నా మీద ఏం చెప్పుకున్నా చెప్పుకో, రాసింది నేనే గనుక అందులో నిజమే ఎక్కువ ఉంటుంది. అమ్మకు మాత్రం ఫోన్ చేసి ఏడవకు. ఏడిస్తే ఆమె సాక్ష్యం మారదు గాని, షుగర్ పెరుగుతుంది.

నిన్ను జగిత్యాల పిలిచిన రోజు నేను వస్తాను. ఎంతసేపు కూర్చోబెడతారో తెలియదు. బయట హోటల్లో తినకు, నీ కడుపుకు పడదు. డబ్బాలో అన్నం, చింతచిగురు పప్పు తెస్తాను. స్టేషన్ ముందు చెట్ల కింద బెంచీ ఉంది, అక్కడ కూర్చుని తిను, నేను పక్కనే ఉంటాను. తిన్నాక ఇద్దరం లోపలికి వెళ్దాం. అప్పుడు వాళ్లు అడిగినవన్నీ నీ ముందే చెబుతాను. ఒక్కటీ తగ్గించను.

ఇట్లు,
నీ మీద సాక్ష్యం చెప్పబోయే నీ తోడబుట్టిన అక్క,
సింధూజ